చేతికి తెలిసింది కాగితం మీద పెట్టడం ఎలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

‘నాకేమీ రాదండీ’ అని మొదలయ్యే ఉత్తరాల్లో, రెండు పేరాలు దాటేసరికి రాసినవారికి ఎంత వచ్చో బయటపడుతుంది. అలాంటివి కొన్ని ఎంచి ఈసారి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పదిహేనేళ్లుగా ఇంట్లో మిషన్ మీద బట్టలు కుడుతున్నాను. ఒక శిక్షణ కేంద్రంలో సహాయకురాలి పనికి దరఖాస్తు పెడదామంటే, అందులో ‘మీ నైపుణ్యాలు’ అని పది గీతలు ఇచ్చారు. ‘కుట్టుపని’ అని రాశాక రెండో గీత మీద ఏం రాయాలో తోచలేదు. అందరికీ వచ్చిన పనేగా, ఇందులో రాయడానికి ఏముంటుంది?

జవాబు: మీరు మొదలుపెడితే పది గీతలూ చాలవు. అయితే ‘నాకేం వచ్చు’ అని కూర్చుని ఆలోచిస్తే ఎవరికీ ఏమీ తట్టదు. పని చేతికొచ్చేసరికి అందులోని మెట్లన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, చేసేవాళ్లకు విడివిడిగా కనబడవు. అందుకని సాఫీగా సాగే పనిని పక్కనబెట్టి, మొరాయించిన పని ఒకటి గుర్తుచేసుకోండి. అప్పుడు మీరు ముందు ఏం చూశారు, తర్వాత ఏం చేశారు అన్నదాంట్లోనే మీ నైపుణ్యమంతా ఉంది.

కుడుతుంటే గుడ్డ అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా పడుతోందనుకుందాం. కొత్తగా నేర్చుకునేవాళ్లు, ఉచ్చులు కింద ఉన్నాయి కాబట్టి తప్పు కూడా కిందే ఉందనుకుని బాబిన్ కేసు (అడుగుదారం ఉండ పెట్టే డబ్బీ) మర బిగించేస్తారు. దాంతో ఉన్న చిక్కుకి ఇంకో చిక్కు తోడవుతుంది. మీరు ఆ పని చేయరు. అడుగున ఉచ్చులంటే పైదారానికి బిగువు చాలడం లేదని మీకు తెలుసు. ముందు గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం పైకెత్తి, పైదారం మొత్తం తీసేసి మళ్లీ మొదటినుంచి ఎక్కిస్తారు. పాదం దించి ఉండగా ఎక్కిస్తే పైదారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలు దగ్గరగా మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు దిగకుండా అంచు మీదే ఉండిపోతుంది. చాలాసార్లు చిక్కు ఇక్కడే తీరిపోతుంది. తీరకపోతే సూది చూస్తారు: మొన మొద్దుబారిందా, వంగిందా, చివరిదాకా పైకి ఎక్కిందా, గుడ్డకు తగిన నంబరేనా అని. పల్చటి గుడ్డకు 11, మామూలు నూలుగుడ్డకు 14, జీన్స్ లాంటి మందపు గుడ్డకు 16.

బాబిన్ జోలికి వెళ్లేది ఆ తర్వాతే. కేసు బయటికి తీసే రకం మిషన్ అయితే, దాన్ని దారంతో పట్టుకుని వేలాడదీసి చేత్తో చిన్న కుదుపు ఇస్తారు. కాస్త జారి ఆగితే బిగువు సరిగ్గా ఉన్నట్టు. జర్రున కిందికి దిగిపోతే వదులు, కుదిపినా కదలకపోతే మరీ బిగువు. మర తిప్పాల్సి వస్తే పావు చుట్టుకి మించకుండా తిప్పి, అదే రకం గుడ్డముక్క మీద నాలుగంగుళాలు కుట్టి చూస్తారు.

ఈ ఒక్క చిక్కు విప్పడంలోనే లక్షణాన్ని బట్టి కారణం పట్టడం ఉంది, ఏది ముందు ఏది వెనక అన్న వరస ఉంది, కొలత ఉంది, ఎంతవరకు చేయి పెట్టాలో ఉంది. ఇలాంటివి మీకు తెలిసినవి కనీసం ఓ పాతిక ఉంటాయి. ఒక్కోదానికీ నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ముందు ఏం చూస్తాను? ఏది కనిపిస్తే పద్ధతి మారుస్తాను? కొత్తవాళ్లు ఇక్కడ ఏం తప్పు చేస్తారు, ఎందుకు? పని సరిగ్గా అయిందని ఎలా తెలుస్తుంది? మూడో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఎదుటివాళ్లు చేసే తప్పును ముందే ఊహించగలిగారంటే ఆ పని మీకు లోతుగా తెలిసినట్టే.

దరఖాస్తులో ‘కుట్టుపని వచ్చు’ అని సరిపెట్టకండి. ‘అడుగు ఉచ్చులు, కుట్టు తప్పడం, పల్చటి గుడ్డలో ముడతలు – వీటి కారణం కనుక్కుని మిషన్ సరిచేయగలను. గుడ్డను బట్టి సూది, దారం ఎంచగలను. కొలతలు తీసుకుని కత్తిరించి, ఒకసారి తొడిగి చూశాక సరిచేసి పూర్తిచేయగలను. కొత్తవారికి సాధారణంగా వచ్చే తప్పులు చూపించి దిద్దగలను’ అని రాయండి. శిక్షణ కేంద్రానికి ముఖ్యంగా కావలసింది ఆ చివరి వాక్యం.

‘అందరికీ వచ్చిన పనేగా’ అన్నారు. ఆ మాట మీద 1999లో డేవిడ్ డన్నింగ్, జస్టిన్ క్రూగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన ఒకటుంది. రానివాళ్లు తమకు చాలా వచ్చనుకుంటారన్న సగమే లోకంలో ప్రచారమైంది. రెండో సగం మీలాంటి వారి గురించి. అందరికన్నా బాగా చేసినవాళ్లు తమ స్థానాన్ని తక్కువగా అంచనా వేసుకున్నారు, తమకు తేలికైనది అందరికీ తేలికే అనుకుని. వ్యాకరణ పరీక్ష రాసినవాళ్లకు తోటివారి జవాబు పత్రాలు ఐదు చూపించాక, బాగా రాసినవాళ్లు తమ అంచనాను పైకి సవరించుకున్నారు. మీరూ అదే చేయండి. మీ పనే చేసే నలుగురైదుగురు ఎలా చేస్తున్నారో పక్కన కూర్చుని చూడండి. ఎక్కడెక్కడ ‘అయ్యో, అలా కాదు’ అని నోటిదాకా వస్తుందో అక్కడల్లా ఒక గుర్తు పెట్టుకోండి. ఇంటికొచ్చాక ఆ గుర్తులే మీ జాబితా.

ప్రశ్న: మా తమ్ముడికి సైకిల్ పంక్చర్ వేయడం నేర్పిస్తున్నాను. ఎన్నిసార్లు చెప్పినా వాడు అతికించిన ప్యాచ్ మర్నాటికి ఊడిపోతోంది. నేను వేస్తే ట్యూబు అరిగేదాకా ఉంటుంది. వాడికి శ్రద్ధ లేదా, నాకు చెప్పడం రాదా?

జవాబు: వాడి శ్రద్ధను అనుమానించే ముందు మీరు చెప్పినదాంట్లో ఏం జారిపోయిందో చూడండి. 1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ ఒక ప్రయోగం చేశారు. కొందరు అందరికీ తెలిసిన పాటల దరువును బల్ల మీద వేలితో కొట్టాలి, ఎదుటివాళ్లు ఆ పాటేమిటో చెప్పాలి. సగం పాటలైనా పట్టేస్తారని కొట్టినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో విన్నవాళ్లు పట్టింది మూడు. కొట్టేవాళ్ల తలలో పాట మొత్తం మోగుతోంది, విన్నవాళ్ల చెవికి చేరింది టకటకలే. మీరు ‘సొల్యూషన్ రాసి ప్యాచ్ అతికించు’ అన్నప్పుడు జరుగుతున్నదీ అదే. మీ తలలో ఉన్న మిగతా పాట వాడికి వినబడలేదు.

ఆ మిగతాది ఇది. చిల్లు ఉన్నచోట ట్యూబు పొడిగా ఉండాలి. నీళ్లలో ముంచి బుడగలు చూసి గుర్తు పెట్టాక, తుడిచి ఆరనివ్వాలి. గరుకు కాగితంతో ప్యాచ్ కన్నా కాస్త వెడల్పుగా, నిగనిగ పోయేదాకా రుద్దాలి. చిల్లు మీదుగా ట్యూబు అచ్చులో పడిన గీత ఏదైనా ఉబ్బెత్తుగా వెళ్తుంటే దాన్ని పూర్తిగా అరగదీయాలి, లేకపోతే ఆ గీత పక్కనుంచి గాలి దారి చేసుకుంటుంది. రుద్దిన దుమ్ము తుడిచేశాక ఆ చోట వేలు పెట్టకూడదు. చేతికున్న జిడ్డు చాలు, ప్యాచ్ పట్టు తప్పడానికి. సొల్యూషన్ (అతికించే జిగురు) పల్చగా, ప్యాచ్ అంచులు దాటేలా రాయాలి.

ఆ తర్వాత ఆగాలి. మీ తమ్ముడు తప్పుతున్నది బహుశా ఇక్కడే. సొల్యూషన్ తడిగా ఉండగానే ప్యాచ్ వేస్తే, అందులోని ద్రావకం బయటికి పోయే దారిలేక కిందే చిక్కుకుపోతుంది, ప్యాచ్ రబ్బరుతో కలవదు. సుమారు ఐదు నిమిషాలు, పైన తడి మెరుపు పోయేవరకు ఆగాలి. ఆ ఐదు నిమిషాలూ మీరు టైరు తుడుస్తూనో పనిముట్లు సర్దుతూనో గడుపుతారు. అందుకే ఆగినట్టు మీకే అనిపించదు, చెప్పాలనీ తోచదు. తర్వాత ప్యాచ్ వెనకున్న రేకు తీసి, మధ్యనుంచి అంచులకు గట్టిగా ఒక నిమిషం నొక్కాలి.

ఇంకొకటి. ట్యూబు ఎక్కించేముందు టైరు లోపలంతా ఒక గుడ్డతో తడమాలి. ముల్లు ఉంటే గుడ్డ అక్కడ పట్టుకుంటుంది. ముల్లు టైరులోనే ఉండిపోతే ప్యాచ్ ఎంత బాగా వేసినా మళ్లీ పక్కనే చిల్లు పడుతుంది. పక్కపక్కన రెండు చిన్న చిల్లులు కనిపిస్తే మాత్రం ముల్లు వెతకనక్కర్లేదు. గాలి తక్కువగా ఉండి, రాయి మీదికి ఎక్కినప్పుడు రిమ్ముకీ టైరుకీ మధ్య ట్యూబు నలిగింది. అక్కడ వాడికి నేర్పాల్సింది గాలి చూసుకోవడం.

ఈసారి నేర్పేటప్పుడు మీ చేతులు కట్టుకుని కూర్చోండి. మొత్తం వాణ్నే చేయనివ్వండి, ప్రతి మెట్టు దగ్గరా ‘ఇప్పుడు ఏం చేస్తున్నావు, ఎందుకు’ అని వాడి చేతే చెప్పించండి. ‘ఎందుకు’కి జవాబు రాని ప్రతి చోటా మీరు చెప్పకుండా వదిలేసిన మాట ఒకటి ఉంటుంది. దాన్ని అప్పటికప్పుడు రాసుకోండి. నోటితో చెప్పడం కుదరనివి కూడా కొన్ని ఉంటాయి, ఎంత గట్టిగా నొక్కాలి అన్నది అలాంటిదే. అక్కడ వాడి చెయ్యి మీద మీ చెయ్యి పెట్టి నొక్కి చూపించండి.

ప్రశ్న: మంచం పట్టిన మా అత్తగారిని ఆరేళ్లు చూసుకున్నాను. ఒంటి మీద ఒక్క పుండు కూడా పడలేదు. ఇప్పుడు మా ఆడపడుచు తన మామగారి విషయంలో ‘నువ్వెలా చూశావో రాసి పంపు వదినా’ అంటోంది. ఇంట్లో ఎవరైనా చేసేదే కదా, రాసేంత విద్య ఇందులో ఏముంది?

జవాబు: మంచానపడిన మనిషికి ఆరేళ్లపాటు పుండు పడకుండా చూడటం చిన్న పని కాదమ్మా. ఆసుపత్రుల్లో శిక్షణ పొందిన సిబ్బంది కూడా దానికోసం నిత్యం జాగ్రత్త పడతారు. తప్పకుండా రాసి పంపండి. ‘కనిపెట్టుకుని ఉండు’ అని రాస్తే ఆమెకు ఉపయోగం లేదు. దేన్ని కనిపెట్టాలి, ఎప్పుడెప్పుడు, ఏం కనిపిస్తే ఏం చేయాలి అన్నది రాయాలి.

మొదటగా చోట్లు రాయండి: నడుము కింద వెన్ను చివర, మడమలు, తుంటి ఎముకలు, మోచేతులు, భుజపుటెముకలు, తల వెనక. పక్క మార్చినప్పుడల్లా వీటిని చూడాలి. ఎర్రబడినచోట వేలితో కొన్ని క్షణాలు నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ రంగు వస్తే రక్తం ఆడుతున్నట్టు. ఎరుపు అలాగే ఉండిపోతే లోపల దెబ్బ మొదలైనట్టే. ఛామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు తెలియకపోవచ్చు. అక్కడ చేతి వెనక భాగంతో తాకి చూడాలి: చుట్టుపక్కల కన్నా వేడిగానో చల్లగానో ఉందా, గట్టిపడిందా, మెత్తగా దిగిపోతోందా, రంగు ముదిరిందా అని. ఇది మీ చేతికి ఎప్పుడో అలవాటై ఉంటుంది, అందుకే రాయాలని తోచదు.

తర్వాత పక్క మార్చడం. మామూలుగా రెండు గంటలకొకసారి అంటారు. మనిషి ఒంటిని బట్టి, పరుపును బట్టి అది మారుతుంది. పూర్తిగా తుంటి మీదికి తిప్పకుండా, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలుగా ఉంచాలి. నిలువునా పక్కకు తిప్పితే బరువంతా తుంటి ఎముక మీదే పడుతుంది. మడమల కింద కాకుండా పిక్కల పొడవునా దిండు పెట్టాలి, మడమ గాలిలో ఉండాలి. పైకి జరపాల్సి వస్తే ఒంటి కింద దుప్పటి వేసి ఇద్దరు పట్టుకుని ఎత్తాలి, ఈడ్చకూడదు. ఈడ్చితే పై చర్మం పరుపుకు అంటుకుని ఉండగానే లోపలి కండ కదిలిపోతుంది, దెబ్బ పైకి కనబడకుండా లోపలే పడుతుంది. తల వైపు ఎత్తు తిండి పెట్టేటప్పుడు తప్ప 30 డిగ్రీలు దాటించకూడదన్నదీ ఇందుకే, మనిషి కిందికి జారుతూ ఉంటారు కాబట్టి.

మంచి మనసుతో చేసే తప్పులు రెండు తప్పకుండా చేర్చండి. ఎర్రబడినచోట నూనె రాసి మర్దన చేయడం ఒకటి, దెబ్బతిన్న కణాలు దాంతో ఇంకా నలుగుతాయి. రెండోది నడుము కింద గుండ్రటి రింగు దిండు పెట్టడం, దాని అంచు చుట్టూ ఒత్తి మధ్యలోకి రక్తం సరిగ్గా రానివ్వదు.

ఎక్కడ ఆగాలో కూడా రాయండి. చర్మం చిట్లినా, నీటిపొక్కు లేచినా, ఊదాగానో నల్లగానో మారినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఇంటి వైద్యం మాని డాక్టరుకు చూపించాలి. ఇదంతా కాగితానికి రెండు వైపులా పట్టేలా రాసి, మంచం పక్కన గోడకు అంటించమని చెప్పండి. కింద టైమూ, ఏ పక్కకు తిప్పారో రాసుకోవడానికి గళ్లు గీయించండి. రాత్రి ఇంకొకరు చూసుకునేటప్పుడు ‘ఇందాక ఎటు తిప్పారు’ అన్న ప్రశ్న రాదు.

ప్రశ్న: ఏ పనిలోనైనా నిపుణుడు కావాలంటే పదివేల గంటలు చేయాలంటారు, నిజమేనా?

జవాబు: కాదు. 1993లో ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల సాధనను లెక్కగట్టినప్పుడు, అందరికన్నా బాగా వాయించే గుంపుకు ఇరవయ్యేళ్లు వచ్చేసరికి సగటున పదివేల గంటలు దాటాయి. అది సగటు, అందరూ దాటాల్సిన గీత కాదు. ఆ లెక్కను సూత్రంగా మార్చడం తప్పని ఎరిక్సన్ తర్వాత గట్టిగానే చెప్పారు. ఆ పరిశోధన పట్టించుకున్నది ఒంటరిగా, లోపం మీద గురిపెట్టి చేసిన సాధనను. అలవాటుగా చేసుకుపోయిన గంటలు అందులో లెక్కకు రావు. అందుకే ఇరవయ్యేళ్లు ఒకేలా చేసినవారి కన్నా, తప్పు వెంటనే తెలిసే పద్ధతిలో రెండేళ్లు చేసినవారు ముందుండొచ్చు. పనిలో మీకు బలహీనమైన మెట్టు ఒకటి పట్టుకుని, రోజుకో అరగంట అదొక్కటే చేస్తూ, ప్రతిసారీ ఫలితాన్ని కొలతతో సరిచూసుకోండి.

ప్రశ్న: ఫ్యాన్లు బాగుచేయడం వచ్చు. ఇప్పుడు అందరూ టీవీలు, మైక్రోవేవ్‌లు కూడా తెస్తున్నారు. కాదంటే ‘నీకు రానిదేముంది’ అంటున్నారు. చేయాలా, మానాలా?

జవాబు: మైక్రోవేవ్ మాత్రం తెరవకండి. ప్లగ్ పీకేసినా, విద్యుత్తును నిలవచేసే లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండొచ్చు.

నైపుణ్యం చేసిన పనికే అంటుకుని ఉంటుంది. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ చదరంగం మీద చేసిన ప్రయోగంలో, నిజమైన ఆటలోని బల్లను ఐదు సెకన్లు చూపిస్తే దిట్టలు చాలా పావుల చోట్లు చెప్పేశారు. పావుల్ని అడ్డదిడ్డంగా పెట్టి చూపిస్తే కొత్తవాళ్లకీ వాళ్లకీ పెద్ద తేడా లేకపోయింది. వాళ్ల బలం జ్ఞాపకశక్తిలో లేదు, ఆటలో పదేపదే చూసిన అమరికల్ని గుర్తుపట్టడంలో ఉంది. మీకూ అంతే. ఫ్యాన్ గుయ్యిమంటూ తిరగకుండా ఉండి, కర్రతో నెట్టితే తిరిగిందంటే కెపాసిటర్ పోయిందని చూడకుండానే చెప్పగలరు. పాతదాని మీద ఉన్న మైక్రోఫారడ్ల (కెపాసిటర్ సామర్థ్యపు కొలత) అంకెనే చూసి కొత్తది వేస్తారు. టీవీలో మీకు అలాంటి గుర్తులు ఇంకా ఏర్పడలేదు.

హద్దు తెలుసుకోవడానికి ఒక నోటుబుక్కు పెట్టండి. వచ్చిన ప్రతి వస్తువునూ విప్పకముందే ‘లోపం ఇది’ అని రాయండి, విప్పాక ఏం తేలిందో ఎదురుగా రాయండి. ఇరవై వస్తువులయ్యాక తిరగేస్తే ఏ రకంలో మీ అంచనా నిలబడుతోందో, ఎక్కడ తప్పుతోందో కనబడుతుంది. తప్పేవాటిని నేర్చుకోవడానికి తెలిసినవారి పక్కన కూర్చోండి. అంతవరకు వాటిని తీసుకోకండి.

ప్రశ్న: సర్టిఫికెట్ లేదు. నాకు తోటపని వచ్చని బయటివాళ్లు ఎలా నమ్ముతారు?

జవాబు: బడి బయట నేర్చుకున్నదాన్ని పరీక్షించి గుర్తించే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. ఫ్రాన్స్ 2002లో దానికి చట్టమే చేసింది. 2012లో యునెస్కో మార్గదర్శకాలు విడుదల చేసింది. ఎక్కడైనా పరీక్షించేవారు అడిగేవి దాదాపు ఒకటే: మీరు చేసిన పని, దాన్ని చూసినవారి మాట, వారి ఎదుట చేసి చూపించడం, ‘ఎందుకలా చేశారు’ అన్నదానికి జవాబు.

కాబట్టి ఇప్పటినుంచే ఒక ఫైలు పెట్టండి. ఫొటోలు ఒకే చోటినుంచి తీయండి, పనికి ముందూ తర్వాతా, తేదీ వేసి. ఒక్కో ఫొటో కింద మూడు వాక్యాలు చాలు: చిక్కు ఏమిటి, ఏం చేశారు, ఎన్నాళ్లకు ఫలితం కనిపించింది. ‘ఆకులు పసుపెక్కితే మందు వేశాను’ అని రాస్తే ఎవరూ నమ్మరు. ‘ముదురు ఆకులు ముందు పసుపెక్కాయి కాబట్టి నత్రజని చాలలేదనుకున్నాను, లేతాకులు ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపెక్కితే ఇనుము సంగతి చూసేదాన్ని’ అని రాస్తే తోట తెలిసినవారు ఆ ఒక్క వాక్యంతోనే మిమ్మల్ని పోల్చుకుంటారు. మొక్క లోపల నత్రజని ముదురు ఆకుల నుంచి లేతాకులకు కదులుతుంది, ఇనుము అంతగా కదలదు. ఈ కారణం కూడా పక్కన చేర్చండి. బతకని మొక్కల ఫొటోలూ ఉంచండి, ఎందుకు పోయాయో రాసి. నీళ్లు ఎక్కువై వేరు కుళ్లిందా, నాటినప్పుడు కాండం లోతుగా పూడ్చారా అన్నది చెప్పగలిగినవారిని పరీక్షించేవారు ఇంకో నాలుగు ప్రశ్నలు అడుగుతారు. వాటికీ సిద్ధంగా ఉండండి. మీరు పని చేసిపెట్టిన ఇద్దరు ముగ్గురి చేత, ఏ పని, ఎంతకాలం, ఇప్పుడు ఎలా ఉంది అన్న వివరాలతో ఉత్తరాలు రాయించి అదే ఫైల్లో చేర్చండి. ‘మంచి మనిషి, బాగా చేస్తారు’ అన్న ఉత్తరాలు అక్కర్లేదు.